గోడమీది ఐవీ: పీకాలా, కోసి ఆగాలా, మందు పూయాలా, ఉంచేయాలా?

గోడలకు అంటుకుని పాకే ఐవీ తీగను తీసేద్దామని గోడ దగ్గరికి వెళ్లినవాళ్లు మొదట చేసే పని, చేతికందిన కొసను పట్టుకుని గట్టిగా లాగడం. నేనూ అదే చేశాను. బారెడు తీగ చర్రున ఊడొచ్చింది. దాని వెనకే అరచేయంత పెచ్చు ఊడి లోపలి ఇటుక బయటపడింది. ఇంకో రెండుసార్లు లాగేసరికి సందుల్లోని సిమెంటు పొడిపొడిగా కాళ్లమీద రాలింది. అక్కడితో ఆపి ఉంటే చిన్న మరమ్మతుతో పోయేది. ఆపలేదు. తీగ తీయడానికి పడ్డ శ్రమకంటే ఆ గోడను బాగుచేయడానికి పడ్డ శ్రమే ఎక్కువైంది.

అప్పటినుంచి ఎవరు అడిగినా ఒకే మాట చెబుతున్నాను. తీగను చూసి పద్ధతి ఎంచుకోకండి, తీగ వెనక ఏముందో చూసి ఎంచుకోండి. గట్టి సిమెంటు గోడమీద ఈ మధ్యే ఎక్కిన ఐవీని ఒక్క పూటలో పీకేయవచ్చు. అదే ఐవీ పాత సున్నపు గోడమీద ఉంటే నెలలు ఓపిక పట్టాలి.

ముందు గోడను గోకి చూడండి

ఈ పరీక్షకు తాళంచెవి చాలు. ఆకులు పక్కకు తప్పించి, రెండు ఇటుకల మధ్య సందును తాళంచెవితో గట్టిగా గోకండి. సన్నటి గీత పడి ఊరుకుంటే గోడ గట్టిదే. పొడి రాలినా, చెవి కొన లోపలికి దిగినా ఆ గోడ బలహీనపడింది. ప్లాస్టరింగ్ చేసిన గోడైతే వేలి కణుపుతో తట్టి వినండి. బోలుగా మోగిన చోట ప్లాస్టరింగ్ ఇటుకను ఎప్పుడో వదిలేసింది, దాన్ని తీగే పట్టి ఉంచుతోంది. ఒక్కచోట చూసి తేల్చేయకండి. తడి ఎక్కువగా చేరే అడుగు భాగం, వాన నేరుగా పడే పై అంచు తప్పకుండా చూడాలి.

ఈ పరీక్ష మీద నాకు ఇంత పట్టుదల ఎందుకంటే, ఐవీ పట్టు అలాంటిది. కాండం గోడకు ఆనిన వైపున దువ్వెన పళ్లలా పొట్టి వేళ్లు వరసగా పుడతాయి. నీళ్లు పీల్చడం వీటి పని కాదు, గోడను పట్టుకోవడమే వీటి పని. వాటి మీది సన్నటి నూగు జిగురును స్రవిస్తుంది. అందులో నానోమీటర్లలో కొలిచేంత చిన్న ప్రోటీన్ రేణువులుంటాయి. అవి కంటికి కనిపించని గుంటల్లోకి చేరి గట్టిపడతాయి. ఆ తరవాత నూగు ఎండి మెలితిరిగి కొక్కెంలా బిగుసుకుంటుంది. ఇప్పుడు మీరు తీగను లాగితే జిగురు వదలదు. తీగ తెగాలి, లేదా గోడే వదలాలి. గట్టి ఇటుక గెలుస్తుంది, పాత సున్నం ఓడిపోతుంది.

ఐవీ ఎక్కిన ప్రతి గోడా పాడవుతుందనే మాట మాత్రం నిజం కాదు. ఇంగ్లండ్‌లో చారిత్రక కట్టడాల సంరక్షణ చూసే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ కోసం ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చేసిన అధ్యయనం ఫలితాలు 2010లో వచ్చాయి. గట్టి గోడమీద పెరిగిన ఐవీ వేడిచలుల తీవ్రతనూ తేమ హెచ్చుతగ్గులనూ తగ్గించి గోడను ఒకరకంగా కాపాడుతుందని అందులో తేలింది. చిక్కంతా పగుళ్లున్న గోడతోనే. పగుల్లోకి దూరిన తీగ అక్కడ మామూలు వేరు వేస్తుంది, ఏళ్లు గడిచేకొద్దీ లావెక్కుతుంది, మేకు దిగ్గొట్టినట్టు ఇటుకలను విడదీస్తుంది.

అది ఐవీయేనా?

ఐవీ అని పిలిచే తీగలన్నీ ఒకటి కావు. అసలు ఐవీ, అంటే హెడెరా, ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది. లేత తీగ ఆకులు మూడు నుంచి ఐదు మొనలతో ఉంటాయి. బాగా ముదిరి పూతకొచ్చిన కొమ్మల ఆకులకు మొనలుండవు, ఆ కొమ్మలు గోడను పట్టుకోకుండా గుబురుగా ముందుకు పొడుచుకొస్తాయి. బోస్టన్ ఐవీ, వర్జీనియా క్రీపర్ వేరే జాతివి. అవి ఆకు రాలుస్తాయి, నులితీగల కొసన చిన్న బిళ్లల్లాంటి మెత్తలతో అంటుకుంటాయి. ఆ మెత్తల పట్టు ఎంతటిదో చార్లెస్ డార్విన్ కొలిచి చూశాడు. కనీసం పదేళ్ల వయసున్న వర్జీనియా క్రీపర్ నులితీగలోని ఒక్క పాయ 2 పౌండ్ల బరువు మోసింది, అంటే దాదాపు 900 గ్రాములు. అందుకే ఈ రకాన్ని ఎండాక కూడా లాగకూడదు. కాండం తీసేసి, మెత్తలను విడిగా గీకి తీయడమే మేలు.

వేడి ప్రాంతాల్లో గోడకు అంటుకుని చిన్న చిన్న గుండ్రటి ఆకులతో పాకేది చాలాసార్లు ఫైకస్ ప్యుమిలా. ఇది మర్రి, రావి కుటుంబానిది. తుంచితే పాలు కారుతాయి. దీని పట్టు కూడా ఐవీలాగే వేళ్ల పట్టే కాబట్టి కింద చెప్పినవన్నీ దీనికీ వర్తిస్తాయి.

కోసి ఆగడం: ఎక్కువ మందికి సరిపడేది ఇదే

మొదలు దగ్గర తీగను కోసేసి, పైభాగాన్ని గోడమీదే ఎండనిచ్చి, ఆ తరవాత దించడం. నన్ను ఒక్క పద్ధతి చెప్పమంటే ఇదే చెబుతాను. మెత్తటి సున్నపు గోడ, పాత ఇటుక గోడ, ప్లాస్టరింగ్ చేసిన గోడ, ఎంత గట్టిదో తేల్చుకోలేని గోడ, వీటన్నిటికీ ఇదే సరైనది. పచ్చి తీగకు వెనక నీటి సరఫరా, బిగువు రెండూ ఉంటాయి. ఎండిన తీగ కుంచించుకుపోతుంది, గోడకీ దానికీ మధ్య పట్టు సడలుతుంది.

కోయడంలో ఒక జాగ్రత్త ఉంది. ఒక్క గాటు పెట్టి వదిలేయకండి. చీలమండ ఎత్తులో ఒకసారి, దానికి 30 సెంటీమీటర్ల పైన ఇంకోసారి కోసి, మధ్య ముక్కను పూర్తిగా తీసేయండి. గోడ పొడవునా అలా ఖాళీ పట్టీ కనిపించాలి. ముదురు తీగ మొదళ్లు మణికట్టంత లావుంటాయి, వాటి వెనక సన్నవి దాగి ఉంటాయి. ఒక్కటి తప్పించుకున్నా పైన సగం గోడ పచ్చగానే ఉంటుంది. సన్నవాటికి తోట కత్తెర, లావువాటికి చేతి రంపం వాడండి. గొడ్డలి వద్దు, గురి తప్పితే దెబ్బ ఇటుకకే తగులుతుంది.

ఆ తరవాత ఓపిక కావాలి. వేడిగా, పొడిగా ఉన్న రోజుల్లో కొన్ని వారాల్లోనే ఆకు మాడుతుంది. చల్లగా, తడిగా ఉంటే రెండు మూడు నెలలు పట్టవచ్చు. గోధుమరంగుకు తిరిగిన ఆ గోడ చూడటానికి బాగుండదు, ఇంటికొచ్చినవాళ్లు అడుగుతారు. అయినా తొందరపడకండి. ఈ ఎదురుచూపులో ఒక లాభం కూడా ఉంది. చుట్టూ అంతా ఎండిపోయి ఒకచోట మాత్రం పచ్చగా మిగిలిందంటే, మీరు కోయని కాండం ఒకటి ఉందనైనా అర్థం, తీగ అక్కడ గోడలోపలే వేరు వేసిందనైనా అర్థం. రెండోది అయితే ఆ పచ్చటి చోట్లే మీ గోడలోని పగుళ్లు. వాటిని గుర్తుపెట్టుకోండి, మరమ్మతు అక్కడే మొదలవ్వాలి.

ఎప్పుడు దించాలి? ఆకు పూర్తిగా ఎండి, తీగను వంచితే పుటుక్కున విరిగే దశలో. ఏడాదిపాటు మర్చిపోవడం కూడా తప్పే. మిగిలిపోయిన వేళ్లు కాలం గడిచేకొద్దీ రాయిలా గట్టిపడతాయి. ఎండిన గుబురు నిప్పు తగిలితే భగ్గుమంటుంది, పెనుగాలికి ఒక్కసారిగా కూలుతుంది.

దించేటప్పుడు పైనుంచి కిందికి, మూరెడు మూరెడు ముక్కలుగా కోస్తూ రండి. తీగను మీవైపు లాగకుండా, గోడ వెంబడి పక్కకు ఒలిచినట్టు నెమ్మదిగా తీయండి. రెండో చేత్తో పక్క పెచ్చును అదిమిపట్టండి. ఎక్కడైనా పెచ్చు లేస్తుంటే అక్కడ ఆపేసి, ఆ ముక్కను గోడకు ఆనించి కత్తిరించి వదిలేయండి. పగుల్లోకి దూరిన కాండాన్ని ఎట్టి పరిస్థితిలోనూ లాగకండి. రెండు వైపులా సమంగా కోసేసి, గోడ మరమ్మతు చేసేటప్పుడు సందు తెరిచి తీయాలి.

పచ్చిగా పీకడం

ఇది అన్నివేళలా తప్పు కాదు. గోడ గట్టి సిమెంటుదై, తీగ ఈ మధ్యే ఎక్కిన లేతదైతే పీకేయండి, ఆగాల్సిన పనే లేదు. పచ్చి తీగ ముక్కలు కాకుండా బారుగా వస్తుంది, చెత్త తక్కువ, దుమ్ము తక్కువ. ముందు ఒక మూల చిన్న ముక్క లాగి చూడండి. వేళ్ల అచ్చు మాత్రమే మిగిలితే కొనసాగించండి. రంగు పొరలు వచ్చేస్తే, మళ్లీ రంగు వేయడానికి సిద్ధపడితేనే ముందుకెళ్లండి. ఇసుక రాలిందంటే పైన చెప్పిన పద్ధతికి మారండి.

కంచెల సంగతి వేరు

చెక్క కంచెలో తీగ పలకల సందుల్లోంచి అటూ ఇటూ దూరి లావెక్కుతుంది. ఒకవైపునుంచి లాగితే తీగకంటే ముందు పలక విరుగుతుంది. కంచెకు రెండు వైపులా కత్తిరించి, మధ్యలో మిగిలిన ముక్కలను ఒక్కొక్కటిగా బయటికి నెట్టడం తప్ప మార్గం లేదు. మొదలుపెట్టే ముందు స్తంభాలను నేల దగ్గర పొడిచి చూడండి. ఆకుల కింద ఏళ్ల తరబడి తడి నిలిచి కర్ర చివికిపోయి ఉంటే, ఆ కంచెను నిలబెట్టింది తీగే కావచ్చు. తీగ తీసిన రోజే అది ఒరిగిపోతుంది. అలాంటప్పుడు ముందు ఊతకర్రలు పెట్టి తరవాత కోయాలి. స్తంభాలు గట్టిగానే ఉన్నా దట్టమైన ఐవీని అలాగే ఉంచడం మంచిది కాదు. గాలి పోయే కంచె కాస్తా తెరచాపలా మారి, గాలివానకు మొత్తం బరువు స్తంభాల మీదే పడుతుంది.

ఇనుప జాలీకి కూడా గోడకు చెప్పినట్టే కోసి ఆగడం మంచిది. ఇక్కడ తీగ ఎంత పెళుసుగా ఎండితే అంత మంచిది. పచ్చిగా లాగితే జాలీ తీగెలు వంగిపోతాయి. మొదలు కోసి, బాగా పెళుసెక్కేదాకా వదిలేసి, తరవాత కర్రతో తడుతూ చేత్తో విరుస్తూ పోతే జాలీ చెక్కుచెదరకుండా బయటపడుతుంది.

సిమెంటు లేకుండా రాళ్లు పేర్చి కట్టిన గోడ ఉంటే మాత్రం నా సలహా, తీగ జోలికి పోకండి. ముదురు ఐవీ ఆ రాళ్లను వలలా కట్టి ఉంచుతుంది. కత్తిరించి అదుపులో పెట్టుకోండి. తీసి తీరాలంటే ఆ గోడను మళ్లీ పేర్చగలిగే మనిషిని పక్కన పెట్టుకుని కొద్దికొద్దిగా తీయండి.

మొదలును ఏం చేయాలి?

గోడ శుభ్రమైనా మోడు బతికే ఉంటుంది. దానికి మూడు దారులున్నాయి.

తవ్వి తీయడం అన్నిటికంటే ఖాయమైనది. ఐవీ వేళ్లు చాలావరకు పైమట్టిలోనే పాకుతాయి. నేల తడిగా ఉన్నప్పుడు గునపంతో కదిలిస్తే తేలిగ్గా వస్తాయి. మొదలు గోడకు అంటుకుని ఉంటే మాత్రం పునాది పక్కన లోతుగా కందకంలా తవ్వకండి.

తవ్వలేని చోట చిగుళ్లు తుంచుతూ పోవడం. మోడునుంచి వచ్చిన ప్రతి చిగురునూ బెత్తెడు కాకముందే తీసేస్తుంటే, ఆకు లేక ఆహారం లేక వేరులోని నిల్వ అయిపోతుంది. ఏడాది, కొన్నిసార్లు రెండేళ్లు పడుతుంది. పదిహేను రోజులకొకసారి ఆ వైపు నడిచే అలవాటున్నవాళ్లకు దీన్ని మించింది లేదు. నేలమీద పాకిన ఐవీకైతే కత్తిరించి పైన మందంగా అట్టలు పరిచి, వాటిమీద ఆకుచెత్త కప్పితే వెలుతురు అందక చస్తుంది.

మూడోది కలుపుమందు. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఐవీ ఆకుమీద మైనపు పూత ఉంటుంది, పిచికారీ చేసిన మందు చాలావరకు జారిపోతుంది. గోడంతా తడిసేలా కొడితే మందు వృథా, పక్క మొక్కలకు ముప్పు. వాడక తప్పదనుకుంటే, గ్లైఫోసేట్ లాంటి మందును కోసిన మోడు మీద, కోసిన కొద్ది నిమిషాల్లోనే, కుంచెతో పూయాలి. ఆలస్యమైతే కోసిన చోటు ఆరిపోయి మందు లోపలికి దిగదు. డబ్బా మీది మోతాదు, జాగ్రత్తలు అక్షరాలా పాటించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో గ్లైఫోసేట్‌ను మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించగల పదార్థాల వర్గంలో చేర్చింది. చాలా దేశాల నియంత్రణ సంస్థలు ఆ నిర్ధారణతో ఏకీభవించక వాడకాన్ని అనుమతిస్తున్నాయి. పిల్లలు, పెంపుడు జంతువులు తిరిగే పెరట్లో నేనైతే తవ్వుతాను, లేదా చిగుళ్లు తుంచుతాను. గునపం దూరని రాతి సందులో మొదలున్నప్పుడే మందు గురించి ఆలోచిస్తాను.

వీటికి బదులు చెప్పే చిట్కాలు కొన్ని వినిపిస్తుంటాయి. ఉప్పు పోయకండి, అది మట్టిని పాడుచేసి, ఇటుకలోకి ఎక్కి తెల్లటి పొడిగా బయటికొస్తుంది. వెనిగర్ ఆకును మాడుస్తుంది తప్ప వేరును చంపదు, పైగా సున్నాన్ని తింటుంది. మంట పెట్టే పరికరాలను చెక్క కంచె, ఎండిన తీగ దగ్గరికి తేనే వద్దు. కాండంలో రాగి మేకు కొడితే చస్తుందనే నమ్మకంతో మేకు కొట్టి కూర్చుంటే, ఐవీ మేకును కలుపుకుని ఎదుగుతుంది.

ఉంచేసి కత్తిరించుకోవడం

ఇది ఓటమి కాదు, కొన్ని గోడలకు ఇదే ఉత్తమం. గోడ గట్టిదై, తీగ పగుళ్లలోకి దూరకపోతే, ఏడాదికి ఒకటి రెండుసార్లు కత్తిరిస్తే చాలు. చూరుకు, కిటికీలకు, వాననీటి గొట్టాలకు కనీసం మూరెడు దూరంలో ఆపేయాలి. పెంకుల కిందికి దూరిన తీగ పెంకులను లేపుతుంది, గొట్టంలోకి దూరింది నీటిని గోడమీదికి మళ్లిస్తుంది. ముదిరిన ఐవీ శరదృతువు చివర్లో, మిగతా పూలు దాదాపు అయిపోయాక పూస్తుంది. ఆ రోజుల్లో తేనెటీగలకు అది పెద్ద ఆధారం. తరవాత వచ్చే నల్లటి కాయలను పక్షులు తింటాయి, మనం తినకూడదు. మీరు తీసేయాలనే నిర్ణయించుకున్నా, కోసే ముందు గుబురులో గూళ్లు ఉన్నాయేమో చూడండి. పిల్లలున్న గూడు కనిపిస్తే అవి ఎగిరిపోయేదాకా ఆగండి. చాలా దేశాల్లో పక్షి గూళ్లకు చట్టరక్షణ కూడా ఉంది.

చేతులు పెట్టే ముందు

ఐవీ రసంలో ఉండే ఫాల్కారినాల్ అనే రసాయనం కొందరికి చర్మం మీద దురద, బొబ్బలు తెప్పిస్తుంది. ఫైకస్ పాలు పడిన చర్మానికి ఎండ తగిలితే కూడా దద్దుర్లు వస్తాయి. చేతి తొడుగులు, పొడవు చేతుల చొక్కా, కళ్లద్దాలు, ఎండిన తీగ తీసేటప్పుడు ముక్కుకు మాస్కు ఉండాలి. గుబురు వెనక కరెంటు తీగ, గ్యాసు గొట్టం, కందిరీగల పట్టు ఏదైనా దాగి ఉండవచ్చు. కనపడని దాని మీద రంపం నడపకండి. నిచ్చెనను తీగకు ఆనించకండి, గోడకు ఆనించి కింద ఒకరిని పట్టుకోమనండి. గోడ ఇద్దరిదీ అయితే పక్కింటివాళ్లకు ముందే చెప్పండి, వాళ్ల వైపు ఎండిన తీగ వాళ్ల చెట్ల మీద పడుతుంది.

మిగిలిపోయిన మచ్చలు

తీగ పోయాక గోడమీద వేళ్ల గీతలు మిగులుతాయి, శతపాదులు పాకినట్టు. తీగ దించిన వారంలోపే గట్టి నైలాన్ బ్రష్‌తో, మొండివాటిని చెక్క లేదా ప్లాస్టిక్ గీకుడుతో తీయండి. ఇనుప బ్రష్ వాడితే విరిగిన పళ్లు సందుల్లో ఇరుక్కుని తుప్పు మరకలు వేస్తాయి. అధిక ఒత్తిడితో నీళ్లు చిమ్మే యంత్రం చూడటానికి ముచ్చటగా పనిచేస్తుంది కానీ మెత్తటి ఇటుక పైపొరను, సందుల్లోని సున్నాన్ని కడిగేస్తుంది. గట్టి కాంక్రీటు మీద తప్ప వద్దు. రంగు వేయబోయే గోడైతే వేళ్లను పూర్తిగా తీసే వేయాలి, లేకపోతే కొత్త రంగు వాటితోపాటే పొరలుగా లేస్తుంది. రంగు వేయని ఇటుక గోడైతే, పట్టు వదలని గీతలను ఎండకూ వానకూ వదిలేయండి. మొదట గట్టిపడినా, కొన్నేళ్లకు చాలావరకు రాలిపోతాయి.

సందులు పూడ్చేటప్పుడు పాత సున్నపు గోడకు సున్నమే వాడమని తాపీ మేస్త్రీకి చెప్పండి. గట్టి సిమెంటు పెడితే తేమ సందులోంచి బయటికి పోలేక ఇటుకలోంచి పోతూ ఇటుకనే చిట్లగొడుతుంది.

కోసిన పచ్చి ముక్కలను మట్టిమీద కుప్పగా వేయకండి, గణుపు దగ్గర మళ్లీ వేరు పట్టేస్తాయి. గచ్చు మీదో తాటిపత్రి మీదో పరిచి, విరిస్తే పెళపెళలాడేదాకా ఎండనిచ్చి అప్పుడు కంపోస్టులో వేయండి. కాయలున్న కొమ్మలను మాత్రం కంపోస్టులో కలపకండి. మొదలు తవ్విన చోట తరవాతి వానలకు మొనలున్న ఆకులు ఒకటి రెండు తలెత్తుతాయి. అప్పుడే వేరుతో సహా తీసేస్తే రెండు వేళ్లతో పోతుంది.